మా ఆయన కోసం కాదు

ఈత క్లాసు అయ్యాక అశ్వినికి విపరీతమైన దాహం వేస్తుంది. ఆ ఆదివారం పొద్దున కూడా తడి జుట్టుతోనే పార్కింగులోకి పరుగెత్తుకొచ్చింది. స్కూటర్‌కు తగిలించిన సంచిలోంచి స్టీలు బాటిల్ లాగి, మూత తీసి, గటగటా రెండు గుక్కలు తాగేసింది. అది తన బాటిల్ కాదు, అమ్మది. భార్గవి తిరిగి చూసేసరికి పిల్ల గోడ పట్టుకుని దగ్గుతోంది. ఆ వెంటనే వాంతి చేసుకుంది.

"అయ్యో, పూల్ నీళ్లు మింగినట్టుందండీ," అంది పక్కన స్కూటర్ తీస్తున్న ఒకావిడ.

"అవునండీ," అంది భార్గవి.

దారిలో వెనక సీటు నుంచి అశ్విని ఒక్కటే మాట అడిగింది. "అమ్మా, నీ నీళ్లు ఎందుకట్లా మండుతున్నాయి?" భార్గవి బండి వేగం పెంచింది. ఇల్లు చేరాక పిల్ల ఆ మాట నాన్న దగ్గర ఎత్తలేదు. ఆ పగలంతా ఏ గ్లాసు ఇచ్చినా ముందు వాసన చూసి గానీ తాగలేదు. వాంతి కంటే, మంట కంటే, పిల్ల నోరు మూసుకోవడమే భార్గవిని నిలువునా కోసింది. తొమ్మిదేళ్ల పిల్లకు దాచడం నేర్పించింది తనే.

భార్గవిది ప్రొద్దుటూరు. నాన్నకు బంగారు అంగళ్ల వీధిలో చిన్న దుకాణం. శనివారం ఉల్లిపాయ కూడా తరగని ఇల్లు. ఆ ఇంటి నుంచి ఇంజినీరింగు చదివి, హైదరాబాదు వచ్చి, రాయదుర్గంలో ఒక కంపెనీలో టెస్టింగ్ లీడ్ దాకా ఎదిగింది. భర్త వినయ్‌ది నంద్యాల. అతని ఆఫీసు కోకాపేటలో, కాపురం మణికొండలో. పైకి చూస్తే ఆ వీధిలోని వంద కాపురాల్లో అదీ ఒకటి.

మందు ఎవరూ బలవంతంగా పట్టించలేదు. ప్రాజెక్టు పూర్తయిన ఒక సాయంత్రం అందరితో పాటు ఓ గ్లాసు వైన్ తీసుకుంది. తలలో పొద్దస్తమానం తిరిగే మిక్సీని ఎవరో ఆపేసినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి కోసమే రెండోసారి తాగింది. తర్వాత ఇంటి నుంచి పని చేసే రోజులు వచ్చాయి. సాయంత్రం మొదలైన కాల్స్ ఎప్పటికో గానీ తెమిలేవి కావు. వోడ్కా నీళ్లలాగే ఉంటుంది, స్టీలు బాటిల్లో పోస్తే ఎవరికీ కనపడదు. ఆడవాళ్లు కూడా బుట్ట పట్టుకుని తిరగగలిగే పెద్ద మద్యం షాపు ఆఫీసు దారిలోనే ఉంది. మళ్లీ ఆఫీసులు తెరిచాక బాటిల్ కూడా ఆమెతో పాటు ఆఫీసుకు బయలుదేరింది.

ఆ ఆదివారం సాయంత్రం భార్గవి వినయ్‌ని బాల్కనీలోకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పింది. వినయ్ రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

"వారానికోసారి ఏదో తీసుకుంటున్నావనుకున్నా," అన్నాడు. "బిడ్డ తాగేదాకా వచ్చిందా?"

"వచ్చింది. రేపటి నుంచి మానేస్తా."

మానేసింది కూడా. మర్నాటికే చేతులు కాఫీ కప్పు పట్టలేనంతగా వణికాయి. ఒళ్లంతా చెమటలు. గుండె దడదడ. భయపడి వినయ్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ నాడి చూసి, ముందు ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. ఏళ్ల తరబడి తాగినవాళ్లు సొంత వైద్యంతో ఉన్నట్టుండి ఆపకూడదని, ఫిట్స్ రావచ్చని, ప్రాణం మీదికి కూడా రావచ్చని చెప్పి, ఆసుపత్రిలో ఉంచి మందులిచ్చింది. ఇంటికి పంపేటప్పుడు అంది:

"మందులతో వణుకు పోతుంది, తాగాలనే యావ కొంత తగ్గుతుంది. కానీ సాయంత్రం ఆరింటికి పక్కన కూర్చునేది మాత్ర కాదు, మనిషి. మానేసినవాళ్లు కలుసుకునే గుంపులుంటాయి. మీకు దగ్గర్లో ఒకటి వెతుక్కోండి."

కారెక్కగానే వినయ్ గొంతు తగ్గించాడు. "ఎవరన్నా అడిగితే యోగా క్లాసుకు పోతాండావని చెబుదాంలే."

"అబద్ధాలు చెప్పే పని ఇంక నాకొద్దు వినయ్. చెప్పకుండా ఉంటా గానీ, యోగా అని మాత్రం చెప్పను."

మొదటి మీటింగు ఇంటికి కొంచెం దూరంలో ఒక స్కూలు గదిలో దొరికింది. భార్గవి తలుపు దగ్గర నిలబడేసరికి లోపల పదిమందికి పైగా మగవాళ్లు. ఒకాయన లేచి ఎంతో మర్యాదగా ఎదురొచ్చాడు.

"రండమ్మా. మీ ఆయన కోసమా? ఇంట్లోవాళ్ల మీటింగు పక్క గదిలో జరుగుతుంది."

"మా ఆయన కోసం కాదు," అంది భార్గవి. "నా కోసమే."

ఆయన నొచ్చుకుని, క్షమించమని, ముందు వరసలో కుర్చీ వేయించాడు. ఎవరూ ఒక్క తప్పు మాట అనలేదు. కానీ ఆమె కూర్చున్నాక వాళ్ల మాట మారిపోయింది. భార్యను కొట్టిన సంగతి చెప్పబోయినవాడు ఆమెను చూసి మింగేశాడు. ఆమె తన వంతు వచ్చినప్పుడు పేరు మాత్రం చెప్పి ఊరుకుంది. తన వల్ల వాళ్లకు, వాళ్ల వల్ల తనకు నోరు పెగలలేదని బయటికొచ్చాక అర్థమైంది.

రెండోది ఆన్‌లైన్ మీటింగు, అంతా ఇంగ్లీషులో. అక్కడ ఆడవాళ్లూ ఉన్నారు, చాలా చక్కగా మాట్లాడారు. తనూ మాట్లాడింది. కానీ ఆఫీసులో పొద్దంతా మాట్లాడే ఇంగ్లీషే అది. ఆ భాషలో తన తాగుడు గురించి చెబుతుంటే, ఎవరో రాసిన కోడ్‌లో తప్పు ఎత్తి చూపుతున్నట్టే ఉంది తప్ప తనను ఎక్కడా తాకలేదు. తిట్టుకోవాలన్నా ఏడవాలన్నా ఆమెకు ప్రొద్దుటూరు తెలుగే కావాలి.

ఇలా కాదనుకుని, ఆ మీటింగుల వాళ్ల ఫోన్ నంబరు పట్టుకుని నేరుగా అడిగింది. "తెలుగులో కావాలి. కనీసం ఒక్క ఆడమనిషైనా వచ్చే చోటు కావాలి. దూరమైనా ఫరవాలేదు."

ఫోనెత్తినాయన పేరు లక్ష్మీనారాయణ. కాకినాడ నుంచి వచ్చి చందానగర్‌లో స్థిరపడ్డ రిటైర్డు ఉద్యోగి. "ఉందండి. మియాపూర్ బస్ డిపో వెనకాల, గురువారం సాయంత్రం. కనకలక్ష్మి గారని ఒకావిడ వస్తారండి. మీరు తప్పకుండా రండమ్మా."

గురువారం వచ్చింది. భార్గవి మేనేజర్ మధుకర్ దగ్గరికెళ్లి, ఇకనుంచి గురువారాలు సాయంత్రం ఐదింటికే ఆఫీసు నుంచి బయల్దేరతానని, ఇది డాక్టరు చెప్పిన చికిత్సలో భాగమని చెప్పింది. అతను ఏ చికిత్స అని అడగలేదు. "ఆ రోజు సాయంత్రం కాల్ నేను చూసుకుంటాను," అన్నాడు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, చిట్టచివరి స్టేషన్ మియాపూర్‌లో దిగింది. డిపో వెనక సందులో లక్ష్మీనారాయణ చెప్పిన ట్యూషన్ సెంటరు కనిపించింది. దానికి తాళం వేసి ఉంది.

చుట్టూ చూసింది. సరిగ్గా ఎదురుగా వైన్స్. కౌంటరు ముందు జనం, పక్కన కూర్చుని తాగే పర్మిట్ రూమ్‌లోంచి వేయించిన పల్లీల వాసన. ఇంత దూరం వచ్చింది. తాళం కనపడింది. తన వంతు తను చేసింది కదా అనే మాట ఎంత తియ్యగా మనసులోకి దూరిందో! ఆడది వైన్స్ ముందు నిలబడితే చూస్తారనే సిగ్గు కూడా ఆ క్షణాన లేదు. ఈ పేటలో తనను ఎరిగినవాళ్లెవరు? ఓ కాలు రోడ్డు మీదికి దిగింది కూడా.

ఆ కాలిని అక్కడే ఆపి, ఫోన్ తీసి లక్ష్మీనారాయణకు చేసింది.

"సార్, ఇక్కడ తాళం ఉంది. ఎదురుగా వైన్స్ ఉంది. తొందరగా ఏదో ఒకటి చెప్పండి సార్."

అటువైపు కంగారు. "అయ్యయ్యో! గది మారిందండి, మీకు చెప్పడం నా బుర్రకు తట్టలేదు. తప్పు నాదే. అక్కడే ఉండండమ్మా, ఫోన్ పెట్టకండి. కనకలక్ష్మి గారూ! ఆ అమ్మాయి పాత గది దగ్గర ఉందంట, వెళ్లండి వెళ్లండి."

భార్గవి రోడ్డుకు వీపు పెట్టి, షట్టరు వైపు మొహం తిప్పి నిలబడింది. ఫోన్లో లక్ష్మీనారాయణ ఏవేవో మాట్లాడుతూనే ఉన్నాడు, మెట్రోలో కూర్చోవడానికి చోటు దొరికిందా, ప్రొద్దుటూరులో ఇప్పుడు ఎండలెలా ఉన్నాయి అని. ఆమె ఒక్కోదానికి జవాబు చెబుతూనే ఉంది. ఇంతలో వెనక నుంచి ఒక చెయ్యి భుజం మీద పడింది.

"నువ్వేనా బిడ్డా భార్గవంటే? ఇగ పరేషాన్ గాకు. నేనొచ్చిన గద."

యాభై దాటిన మనిషి. చీర కొంగు నడుముకు దోపుకుని, పరుగున వచ్చినందుకు ఆయాసపడుతోంది. మరో మాట లేకుండా భార్గవి చెయ్యి పట్టుకుని, రోడ్డు దాటకుండా సందులోంచి సందులోకి నడిపించింది.

"అటు నుంచి పోతే దగ్గర కదక్కా?" అంది భార్గవి.

"దగ్గర్నే. గని ఆ దుకాణం ముంగట నుంచి పోవాలె. నాకే గట్టి గుండె లేదమ్మా, నిన్నెట్ల తోల్కపోత?"

భార్గవికి ఆ సాయంత్రం మొదటిసారి నవ్వొచ్చింది.

మీటింగు ఒక టెంట్ హౌస్ పైన జరుగుతోంది. గది నిండా పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఎర్ర కుర్చీలు, చుట్టచుట్టిన షామియానాలు. ఇక్కడా మగవాళ్లే ఎక్కువ. ఆటో నడిపేవాళ్లు, డిపోలో పనిచేసే ఒకతను, ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. కానీ కనకలక్ష్మి అందరికంటే ముందు నోరు విప్పింది. ఆమె విప్పాక దాపరికాలకు తావే లేకపోయింది.

"నా పేరు కనకలక్ష్మి. మాది హఫీజ్‌పేటనే, పుట్టింది గీడ్నే. పెండ్లైన కొత్తల మా అత్తనే కల్లు పోసింది, ఎండకు సల్లగుంటదని. మా దాంట్ల అది తప్పు గాదు. గని నాకు ఎండ పోయినా కల్లు పోలే. ఆ ఎన్క నిద్ర మందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డ. అది లేకుంటే మెడలు వాలిపోతుండె. నా కొడుకు లగ్గం నాడు పందిట్లనే పడిపోయిన. కోడలు నాకు దండం పెడ్దామని వంగింది, నేను లేవలే. గిప్పుడు గదే కోడలు, నేను, ఇద్దరం కలిసి కర్రీ పాయింట్ నడుపుతున్నం. ఆమె ఇంకా నన్ను పూరా నమ్మది. నమ్మకుంటే ఏంది? కూరలైతే వండుతున్న గద."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, భార్గవి వైపు తల ఊపింది.

భార్గవి లేచింది. తాగుబోతు అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ మాటకు ఆడా మగా భేదం లేదు. అయినా అది విన్నప్పుడల్లా కళ్ల ముందు లుంగీ కట్టిన మగవాడే కనిపించేవాడు. ఇప్పుడు ఆ మాటను తన పేరు పక్కన పెట్టాలి.

"నా పేరు భార్గవి. నేను తాగుబోతును. నా బాటిల్లోది నీళ్లనుకొని నా కూతురు తాగింది. ఎవరో పూల్ నీళ్లు మింగినట్టుందంటే అవునని చెప్పినా. బిడ్డ వాంతి చేసుకుంటా ఉంటే కూడా నాకు ముందు వచ్చింది అబద్ధమే. బిడ్డను ఎత్తుకునేది తరువాత గుర్తొచ్చింది." ఇన్నాళ్ల ఆఫీసు భాష ఎటుపోయిందో, గొంతులో ప్రొద్దుటూరు దానంతటదే పలికింది. ఏడుస్తూనే చివరిదాకా చెప్పింది. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆమెకు కావలసింది సరిగ్గా అదే.

అంతటితో కథ సుఖంగా నడిచిందనుకుంటే పొరపాటు. కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత పెద్ద రిలీజ్ ఒకటి ఏ చిక్కూ లేకుండా పూర్తయింది. గచ్చిబౌలిలో టీం అంతా మధ్యాహ్నం భోజనానికి వెళ్లారు. ఎవరో అందరికీ గ్లాసులు అందిస్తూ ఆమెకూ ఒకటిచ్చారు. వద్దనడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణాన్ని ఆమె జారవిడిచింది. ఒకటి రెండైంది. వినయ్ వచ్చి కారులో తీసుకెళ్లాడు. వాసన పోవడానికి దారంతా అద్దాలన్నీ దించేసి నడిపాడు.

ఆ గురువారం ఆమె మియాపూర్ వెళ్లలేదు. మొహం చెల్లలేదు. మర్నాడు కనకలక్ష్మి ఫోన్ చేసింది.

"ఏమాయె, రాలే?"

"తాగినానక్కా."

"అట్లనా. డాక్టరమ్మకు చెప్పినవా?"

"ఇంకా లేదు."

"ముందు ఆమెకు చెప్పు. ఎన్కశీరి గీడికి రా. నువ్వు తాగినవని మీటింగ్ మూసేస్తరా ఏంది? తాగనోళ్ల కోసం పెట్టిన్రా అది?"

భార్గవి ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. మళ్లీ వారం టెంట్ హౌస్ మెట్లెక్కి, జరిగిందంతా చెప్పింది. ఆఫీసు వాళ్లతో కూడా ఇక మొహమాటపడలేదు. "నేను మందు తీసుకోను. సరదాకు కూడా అడగొద్దు," అని తన టీంలో అందరి ముందూ చెప్పేసింది. ఒకరిద్దరు విస్తుపోయి చూశారు. మధుకర్ మాత్రం తర్వాతి పార్టీని పొద్దున టిఫిన్‌కు మార్చాడు.

వినయ్ కరగడానికి ఇంకా కొంత కాలం పట్టింది. ఒక గురువారం ఆమె చెప్పులేసుకుంటుంటే అతనే అన్నాడు, "పిల్లను నేను చూసుకుంటా, నెమ్మదిగా రా. నాకు ఇంకా కోపం పోలేదు. అది వేరే సంగతి." ఉన్న కోపాన్ని ఉందని చెప్పినందుకు భార్గవికి అతని మీద గౌరవం కలిగింది.

ఇంతలో ఫోన్లు ఎత్తే పనిలో లక్ష్మీనారాయణకు ఆమె సాయం పట్టసాగింది. అప్పుడు తెలిసింది, ఆడవాళ్లు కూడా బాగానే ఫోన్ చేస్తారని.

"చేస్తారండి, కానీ రారు," అన్నాడాయన. "మగవాళ్లు ఎంతమంది ఉంటారని అడుగుతారు. చెప్పగానే పెట్టేస్తారు."

"అయితే మగవాళ్లు లేని మీటింగు పెడదాం సార్. మియాపూర్‌లో కాదు, మావైపు. ఆ ఫోన్లన్నీ అటునుంచే వస్తున్నాయి."

మణికొండలో వీణ నేర్పే ఒక టీచరమ్మ శనివారం పొద్దున తన క్లాసు గది ఇస్తానంది. ఆ మాట విని వినయ్ ఉలిక్కిపడ్డాడు.

"మణికొండలోనా? మన అపార్ట్‌మెంట్ వాళ్లు సగం మంది పిల్లలు ఆ వీణ క్లాసులోనే ఉన్నారు. అందరికీ తెలిసిపోతుంది."

"తెలిసినవాళ్లు ఉన్నచోటే కదా తాగినా. మానేది మాత్రం ఎవరూ లేని చోటుకు పోయి మానాల్నా?"



మొదటి శనివారం ఎవరూ రాలేదు. రెండో శనివారమూ అంతే. గోడ వారగా గుడ్డ గవుసెనలు తొడిగిన వీణలు, నడుమ చాప మీద భార్గవి, కనకలక్ష్మి, అంతే. కనకలక్ష్మి కూరలు కోడలికి అప్పగించి, రెండు బస్సులు మారి వచ్చేది. ఆ తర్వాతి శనివారం వాన. ఆమె తడిసి వచ్చి కూలబడింది.

"గీ వానల ఎవలొస్తరు బిడ్డా? ఇంటికి పోదాం పా."

"పోదాంలే అక్కా. ముందు మీటింగు కానియ్యి. మనిద్దరికీ అక్కర్లేదా ఏంది?"

కనకలక్ష్మి ఆమె మొహం చూసి, కొంగు పిండుకుని, సర్దుకుని కూర్చుంది. "నా పేరు కనకలక్ష్మి," అని మొదలుపెట్టింది, గది నిండా జనం ఉన్నట్టే.

వాన వెలిశాక కూడా ఎవరూ రాలేదు. కానీ వాళ్లు ఆ గది వదల్లేదు. దసరా సెలవుల తర్వాత హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి వచ్చింది. మాస్కు తియ్యలేదు, మాట్లాడలేదు, అయినా మళ్లీ వచ్చింది. పుప్పాలగూడ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని రావడం మొదలుపెట్టింది. ఒకామె ఒక్కసారి వచ్చి, ఏడ్చి, మళ్లీ కనపడలేదు. ఆమె నంబరుకు భార్గవి ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ఆమె ఎత్తదు.

ఇటీవల ఒక శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఒక స్కూలు టీచరు ఆసుపత్రిలో చేరింది, పేరు పుణ్యవతి, ఎవరితోనూ మాట్లాడటం లేదు, మాట్లాడే మనిషిని పంపనా అంటే వద్దనలేదు, మీరు ఒకసారి వస్తారా అని. భార్గవి ల్యాప్‌టాప్ మూసి, మధుకర్‌కు చెప్పి, స్కూటర్ తీసింది.

పుణ్యవతి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మెడ దాకా దుప్పటి. భార్గవి తలుపు దగ్గరే నిలబడి పేరు చెప్పింది. మంచం మీంచి గొంతు వినిపించింది.

"కౌన్సిలరా అండి మీరు?"

"కాదండి. ఇదే డాక్టరమ్మ దగ్గర పేషెంటుని. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూర్చోవచ్చా?"

వద్దనలేదు. భార్గవి స్టూలు లాక్కుని కూర్చుంది.  

"ఈ చేతులు ఇంకెన్నాళ్లు వణుకుతాయండి?" అంది పుణ్యవతి, గోడతోనే. "బోర్డు మీద ఎలా రాయను?"

"నావి వారం పైనే వణికినాయి. మీకు ఎన్నాళ్లో డాక్టరమ్మను అడగండి, దాచకుండా చెప్తుంది. తగ్గేదాకా ఆగక్కర్లేదు. వణుకుతూనే వచ్చి మాతో కూర్చోండి. మా కనకక్కని ఒకావిడ ఉంది, కొత్తగా వచ్చినవాళ్లకు కాఫీ సగం గ్లాసే పోస్తుంది, ఒలక్కుండా."

పుణ్యవతి మెల్లగా ఇటు తిరిగింది. వయసులో భార్గవి కంటే పెద్ద. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎక్కడండి అది?" అని అడిగింది.

భార్గవి స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుని, మణికొండలో వీణ టీచరమ్మ క్లాసుకు దారి చెప్పడం మొదలుపెట్టింది.